కార్మికబంధువు వరాహగిరి వేంకటగిరి

బందరునుండి గుడివాడ మీదుగా విజయవాడకు పోవు రైలుబండి మన విద్యార్థులలో పెక్కుమందికి చిరపరిచితము. కిటికీచెంత కూర్చుండి వరిచేలను చూచుచు పోవునప్పుడు ఆ బండిని నడపువానిగూర్చి గాని, ఎండనక వాననక పట్టాల వెంట నడచి వానిని సరిచూచు పనివానిగూర్చి గాని మనము తలచుట అరుదు. వారి పనిగంటలకు ఒక మితి కలదు. కారణము చూపక వారిని పనినుండి తొలగింపరాదు. కష్టము కలిగినప్పుడు నలుగురును కూడి పైవారితో చెప్పుకొను హక్కు వారికి కలదు. ఇవి యొకరు దయతలచి యిచ్చినవి కావు. పెక్కుమంది పెక్కేండ్లు పాటుపడగా వచ్చినవి. అట్లు పాటుపడినవారిలో నొక ఆంధ్రుడు తుదకు భారతదేశమునకు రాష్ట్రపతి యయ్యెను. ఆయనయే వరాహగిరి వేంకటగిరిగారు.

గిరిగారు 1894వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన బరంపురమున జన్మించిరి. ఆ పట్టణము ఆనాడు చెన్నపురి రాజధానిలోని గంజాము జిల్లాకు చేరియుండెను. నేడు ఒడిశా రాష్ట్రమున నున్నది. తండ్రి జోగయ్యపంతులుగారు పేరొందిన న్యాయవాది. తల్లి సుభద్రమ్మగారు. బరంపురమున చదువు సాగించిన పిదప గిరిగారు న్యాయశాస్త్రము నభ్యసించుటకై 1913లో ఐర్లండు దేశపు ముఖ్యపట్టణమగు డబ్లిను నగరమునకు పోయిరి.

ఆ నగరము ఆయేడు గొప్ప సంక్షోభమున నుండెను. జేమ్సు లార్కిను అను నాయకుడు స్థాపించిన కార్మికసంఘమును విడిచిపెట్టినవారికే పని యిత్తుమని యజమానులు పట్టుపట్టి, ఒప్పుకొననివారికి పనిశాలల తలుపులు మూసివేసిరి. దాదాపు ఇరువదివేలమంది పనివారు మాసముల తరబడి జీతము లేక, బిడ్డలకు తిండి పెట్టజాలక బాధపడిరి. 1914వ సంవత్సరారంభమున వారు ఓడి, మరల పనులలో ప్రవేశింపవలసివచ్చెను. కాని సంఘము మాత్రము నశింపలేదు. న్యాయశాస్త్ర గ్రంథములను చదువ వచ్చిన యువకునకు ఆ వీథులే మఱియొక పాఠశాల యయ్యెను. చట్టము పుస్తకములో నెంత చక్కగా నున్నను, ఆకలిగొన్న యొంటరివాడు దానిని వినియోగించుకొనజాలడని ఆయన అచ్చట గ్రహించిరి.

ఆ పోరాటమున లార్కినునకు కుడిభుజమై నిలిచిన జేమ్సు కానలీ 1903 మొదలు 1910 వఱకు అమెరికాలో నివసించి, అచ్చటి కార్మికులను సంఘటితులను చేయుటకై శ్రమించినవాడు. కావున అమెరికా కార్మికుల చరిత్ర కొంత యిచ్చట తెలిసికొనవలసియున్నది. 1886వ సంవత్సరము మే 1వ తేదీన ఆ దేశపు పెక్కు నగరములలో పనివారు దినమునకు ఎనిమిది గంటలకంటె మించి పనిచేయజాలమని సమ్మె కట్టిరి. మూడు దినములు గడచిన పిమ్మట చికాగో నగరమున జరిగిన సభలో నెవరో బాంబు విసరగా పోలీసులును ప్రజలును మరణించిరి. ఆ బాంబు విసరినవాడెవడో తేలకయే, మరుసటి సంవత్సరము నలుగురు కార్మికనాయకులను ఉరితీసిరి. మేదినము ఆ పోరాటమునకే జ్ఞాపకచిహ్నము. ఆ 1886లోనే చుట్టలు చుట్టు పనివాడగు శామ్యూలు గాంపర్సు అధ్యక్షుడుగా అమెరికా కార్మికసమాఖ్య యేర్పడెను. యజమానితో నెదురుగా కూర్చుండి, జీతమునుగూర్చియు పనిగంటలనుగూర్చియు మాటాడి, కుదిరిన మాటను కాగితముపై వ్రాసికొనుట వారి పద్ధతి. 1919లో అంతర్జాతీయ కార్మికసంస్థకు రూపకల్పన చేసిన సంఘమునకు గాంపర్సే అధ్యక్షుడు. ఆ సంస్థ మొదటి మహాసభ అదే సంవత్సరము వాషింగ్టను నగరమున జరిగి, ఎనిమిది గంటల పనిదినమును నిర్ణయించెను. మన దేశమునకు మాత్రము వారమునకు 60 గంటలని వేఱుగా నేర్పాటు చేసిరి. ఒకే పనిచేయు మనుష్యులకు దేశమునుబట్టి వేర్వేఱు కొలతలు!

1916లో ఐర్లండు ప్రజలు స్వాతంత్ర్యమునకై తిరుగుబాటు చేయగా ఆంగ్లప్రభుత్వము దాని నణచివేసి కానలీని కాల్చి చంపెను. ఆయేడే గిరిగారు స్వదేశమునకు మరలివచ్చి, బరంపురమున న్యాయవాదవృత్తి నారంభించిరి. 1920లో గాంధీమహాత్ముని సహకారనిరాకరణోద్యమము రాగా ఆ వృత్తిని త్యజించిరి. 1922లో కల్లుసారాయి దుకాణములయెదుట నిలిచి త్రాగవలదని ప్రజలను వేడినందులకు కారాగృహమునకు పోయిరి.

ఆ కాలమున బెంగాలు నాగపూరు రైల్వే మన ఉత్తరాంధ్ర తీరమువెంబడి వాల్తేరు వఱకు వచ్చుచుండెను. దాని పెద్ద కార్ఖానా ఖరగుపురమున నుండెను. తెలుగుదేశమునుండి పొట్టచేతబట్టుకొని పోయి ఆ కార్ఖానాలో చేరినవారు పెక్కురు. గిరిగారు వారి నడుమ తిరిగి, వారి భాషలో మాటాడి, ఆ రైల్వే పనివారికి సంఘమును నెలకొల్పిరి. దేశమందలి రైల్వే సంఘముల నన్నిటిని కూర్చిన అఖిలభారత రైల్వే కార్మికసమాఖ్య స్థాపకులలోను ఆయన యొకరు. 1920లో అమెరికానుండి తిరిగివచ్చిన లాలా లజపతిరాయిగారు తొలి యధ్యక్షులుగా ఆరంభమైన అఖిలభారత కార్మికసంఘ మహాసభకు 1926లో గిరిగా రధ్యక్షులైరి. ఆ సంవత్సరమే కార్మికసంఘములకు చట్టరీత్యా గుర్తింపునిచ్చు శాసనము వెలసెను. 1927-28 కాలమున ఖరగుపురమున వేలకొలది పనివారిని తొలగింపబూనగా గొప్ప సంఘర్షణము జరిగెను. గిరిగారు కార్మికులను శాంతము విడువనీయక నడపిరి. తుదకు వారి కోరికలను కొంతవఱకు మన్నింపక తప్పినది కాదు.

1927లో గిరిగారు భారతకార్మికుల ప్రతినిధిగా జెనీవా నగరమున అంతర్జాతీయ కార్మికసభకు హాజరైరి. 1931లో రెండవ రౌండుటేబులు సభయందును కార్మికుల పక్షమున కూర్చుండిరి. 1937 నాటి యెన్నికలలో బొబ్బిలి రాజాగారినే వారి సొంతసీమయందు ఓడించి, రాజాజీ మంత్రివర్గమున కార్మిక పరిశ్రమల శాఖలకు మంత్రియైరి. 1942లో మరల చెఱసాలకు పోయి మూడేండ్లు గడపిరి. 1946లో ఆంధ్రకేసరి ప్రకాశముపంతులుగారి మంత్రివర్గమున మంత్రిపదవి వహించిరి. స్వాతంత్ర్యానంతరము సింహళమున మన హైకమిషనరుగా పనిచేసి, 1952లో పాతపట్నమునుండి లోకసభకు ఎన్నికై, కేంద్రమున కార్మికశాఖామాత్యులైరి.

ఇచ్చట ఆయన జీవితమందలి ముఖ్యఘట్టము వచ్చుచున్నది. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము ననుసరించి, యజమానికిని పనివారికిని తగవు వచ్చినచో ప్రభుత్వము దానిని ట్రిబ్యునలునకు పంపగలిగియుండెను. ఆ తీర్పునకు ఇరువురును కట్టుబడవలసియుండెను. గిరిగారి కీపద్ధతి నచ్చలేదు. మన డెల్టాలో కాలువనీటి వంతుకై ఇద్దరు రైతులు జగడమాడినారనుకొందము. గట్టుమీద కూర్చుండి మాటాడుకొన్నచో సాయంకాలమునకు తీరును. మరునాడును ఇరువురు ఇరుగుపొరుగులే. కచ్చేరి కెక్కినచో నొకడు గెలుచును, ఒకడు ఓడును. పగ మాత్రము మిగులును. కార్మికుల తగవులును ఇట్టివేయని గిరిగారి మతము. సంఘములు బలపడవలెను, యజమానులు వానిని గుర్తింపవలెను, ఇరువురును మాటాడుకొని తీర్చికొనవలెను, ప్రభుత్వము వెనుక నిలువవలెను అని ఆయన వాదించిరి. దీనికి గిరి పద్ధతియని పేరు వచ్చెను. బలములేని సంఘములకు ట్రిబ్యునలే దిక్కనియు, అది లేనిచో పనివారు నలిగిపోవుదురనియు పెక్కురు ఆక్షేపించిరి. ఆ యాక్షేపణయందును సత్యము లేకపోలేదు. ఆయన పద్ధతి చట్టరూపము దాల్చలేదు.

ఇంతలో బ్యాంకు ఉద్యోగుల జీతములనుగూర్చిన తగవు వచ్చెను. అది ట్రిబ్యునలునకు పోయి, అప్పీలు ట్రిబ్యునలు 1954లో తీర్పు చెప్పెను. బ్యాంకులకు భారమగునని తలచి, ప్రభుత్వము ఆయేడు ఆగస్టులో ఆ తీర్పును మార్చి, ఉద్యోగులకు రావలసినదానిని తగ్గించెను. ట్రిబ్యునళ్ల నంతగా మెచ్చని గిరిగారు ఇందులకు సంతసింపవలసినవారే యని కొందరు తలపవచ్చును. కాని ఆయన తలచిన తెఱగు వేఱు. సమ్మె మాని న్యాయమునకై కనిపెట్టుకొని యున్నవారికి తీర్పు వచ్చిన పిదప దానిని తగ్గించుట మాట తప్పుటయే. బలహీనునితో ఆడిన మాట బలవంతుడు తప్పినచో, రేపు శాంతముగా నుండుమని వానికి చెప్పుట కెవరికి నోరువచ్చును? గిరిగారు మంత్రిపదవికి రాజీనామా నిచ్చిరి. పిమ్మట ప్రభుత్వము ఆ విషయమును విచారించుటకు నొక కమిషనును నియమించి, దాని సిఫారసుల ననుసరించి 1955లో చట్టము చేసెను. ఉద్యోగులు పోగొట్టుకొన్నదానిలో చాలవఱకు తిరిగి పొందిరి.

అటుపిమ్మట ఆయన ఉత్తరప్రదేశము, కేరళ, మైసూరు రాష్ట్రములకు వరుసగా గవర్నరులై, 1967లో ఉపరాష్ట్రపతులైరి. 1969లో జాకీరు హుస్సేనుగారు మరణింపగా జరిగిన రాష్ట్రపతి యెన్నికలో ఏ కక్షకును చెందని యభ్యర్థిగా నిలిచి, మఱియొక ఆంధ్రుడగు నీలం సంజీవరెడ్డిగారిపై స్వల్పాధిక్యతతో గెలుపొందిరి. రెండవ ప్రాధాన్యపు ఓట్లను లెక్కించినగాని ఫలితము తేలలేదు.

ఆయన పదవీకాలపు తుది మాసములలో నొక కఠినపరీక్ష యెదురయ్యెను. 1974 మే 8వ తేదీన దేశమంతట రైల్వే కార్మికులు సమ్మె కట్టిరి. ముందు నిలిచినది గిరిగారు యౌవనమున స్థాపింప తోడ్పడిన సమాఖ్యయే. ప్రభుత్వము వేలకొలది పనివారిని నిర్బంధించెను. మే 27వ తేదీన సమ్మె విరమింపబడెను. మంత్రుల సలహామేరకు నడచుకొనవలసిన రాష్ట్రపతికి రాజ్యాంగము వేఱుదారి నంతగా చూపలేదు. ఇరువది యేండ్లకు పూర్వము పదవిని విడిచిన చేయి, ఈమాఱు విడువలేదు. మహనీయుల చరిత్రము చదువునప్పుడు ఇట్టి ఘట్టమును దాచుట తగదు. పదవి యెంత పెద్దదైన కొలది మనుష్యుని చేతులు కొన్నియెడల నంత బిగియునని దీనివలన తెలియుచున్నది.

1974 ఆగస్టులో గిరిగారు పదవీవిరమణము చేసిరి. 1975లో భారతరత్న బిరుదమునందిరి. 1980 జూనులో చెన్నపురియందు కాలధర్మము నొందిరి. ఢిల్లీ సమీపమున నోయిడాయందలి జాతీయ కార్మికవిద్యాలయము నేడు ఆయన పేరనే వెలయుచున్నది.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు పనిచేయువారగుదురు; కొందరు పనిచేయించువారగుదురు. గుడివాడ బియ్యపుమిల్లులో బస్తా మోయువాడును, దివిసీమ చేలలో నాట్లు వేయు స్త్రీయు, బందరు రేవున వలలాగు జాలరియు మీ ఇంటి గుమ్మమున నిలిచి కూలి అడుగు దినము రావచ్చును. ఆనాడు వారిని కూర్చుండుమని చెప్పి, వారి మాట పూర్తిగా వినుడు. ఒప్పుకొన్న కూలిని తగ్గింపకుడు. గిరిగారు 1954లో చేసి చూపినది ఇదియే. దీనికి రాష్ట్రపతి పదవి యక్కఱలేదు.