టిష్యూ కల్చర్ పితామహుడు హేబర్లాండ్ – ఫలించని ప్రయోగం కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇమ్మని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు, నాకు తెలిసిందల్లా సీసాల్లో మొక్కలు పెంచడమేనని చెప్పాను. దాని గురించే రాయమని పట్టుబట్టారు. నా సర్వీసులో ఎక్కువ భాగం టిష్యూ కల్చర్ ప్రయోగశాలలో గడిచిందని మిత్రుల్లో చాలామందికి తెలుసు. జెర్బెరా, ఆంథూరియం, ఆర్కిడ్ వంటి పూలమొక్కలు, ఆ తర్వాత టేకు. పొద్దున్నే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల వేడి మీద మీడియం శుద్ధి చేయడం, చేతులకు స్పిరిట్ రాసుకుని గాలి వడగట్టే బల్ల ముందు కూర్చోవడం, గోరంత ముక్కను సీసాలో నాటడం, ఇదే నా ఉద్యోగం. ఈ పనికంతటికీ మూలపురుషుడు గాట్లీబ్ హేబర్లాండ్. ఆయన జీవితాన్ని నాకు తెలిసినంతలో చెబుతాను.

హేబర్లాండ్ 1854 నవంబరు 28న నాటి ఆస్ట్రియా సామ్రాజ్యంలో, ఇప్పటి హంగరీలో ఉన్న ఒక ఊళ్ళో పుట్టాడు. తండ్రి ఫ్రెడరిక్ వ్యవసాయ శాస్త్ర ఆచార్యుడు. 1873లో వియన్నాలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు తూర్పు దేశాల నుంచి వచ్చిన సోయా గింజలను సేకరించి, పండించి, రైతులకు పంచిపెట్టి, యూరప్‌లో ఆ పంటకు దారి వేసినవాడు ఆ తండ్రే. 1878లో సోయా మీద పుస్తకం ప్రచురించి, ఆ ఏడే కన్నుమూశాడు. విత్తనం మీద ఆసక్తి ఇంట్లోనే పుట్టిందన్నమాట.

కొడుకు వియన్నాలో చదివి, టూబింగెన్‌లో ష్వెండెనర్ అనే గురువు దగ్గర చేరాడు. మొక్కలోని ప్రతి కణజాలం ఆకారానికీ, అది చేసే పనికీ సంబంధం ఉంటుందన్నది ఆ గురుశిష్యుల పట్టుదల. 1884లో హేబర్లాండ్ రాసిన వృక్ష అంతర్నిర్మాణ గ్రంథం ఎన్నో ముద్రణలు పొందింది. కొన్ని మొక్కల ఆకుల్లో ఈనెల చుట్టూ కణాలు పూలదండలా అమరి ఉండటాన్ని గుర్తించి, దండ అనే అర్థమున్న జర్మన్ మాటతోనే దానికి పేరు పెట్టాడు. ఆ దండలో ఉన్న కణాలూ, బయటి కణాలూ పని పంచుకుంటున్నాయేమోనని కూడా ఊహించాడు. మన చెరకు, జొన్న, మొక్కజొన్న ఆకుల్లో ఉన్నది ఆ దండే. అది ఎందుకుందో 1960లలో గానీ తేలలేదు.

1891–92లో జావా ద్వీపంలోని బోయిటెన్‌జోర్గ్ ఉద్యానవనానికి వెళ్ళి, ఉష్ణదేశపు చెట్లను కళ్ళారా చూసి, ఆ యాత్ర మీద ఒక పుస్తకం రాశాడు. అత్తిపత్తి ఆకు ముట్టుకుంటే ముడుచుకోవడానికి కాడలోని గొట్టాల్లో రసం ఒత్తిడి మారడమే కారణమని వాదించాడు. అది విద్యుత్ స్పందన అని మన జగదీశ్ చంద్ర బోసు తర్వాత ఆ వాదాన్ని కాదన్నాడు. ఇలా చెప్పుకుంటూ పోతే సంచిక సరిపోదు. అసలు సంగతికి వస్తాను.

1902లో గ్రాజ్ నగరంలో ఆచార్యుడిగా ఉండగా ఆయన ఒక పరిశోధన వ్యాసం ప్రచురించాడు. మొక్క నుంచి ఒక్క కణాన్ని విడదీసి, దానికి ఆహారం అందిస్తే అది విభజన చెంది పూర్తి మొక్క కాగలదా అన్నది ప్రశ్న. ప్రతి కణంలోనూ మొత్తం మొక్కను తయారుచేసే శక్తి దాగి ఉండాలని ఆయన తర్కం. ఇందుకోసం తులసి కుటుంబంలోని లేమియం ఆకుల నుంచి పచ్చని కణాలనూ, ట్రాడెస్కాంటియా పూల కేసరాల నూగునూ తీసుకున్నాడు. గుర్రపుడెక్క ఆకు కాడలోని మెత్తని కణాలను కూడా తీసుకున్నాడని చదివి నాకు నవ్వొచ్చింది. అందమైన పువ్వుందని దేశదేశాలకూ తీసుకుపోయిన ఆ మొక్క కొల్లేటినీ, మన ఊరి చెరువులనూ ఎలా కమ్మేసిందో మనకు తెలియనిది కాదు. ఆపినా ఆగకుండా పెరిగే ఆ మొక్క కణాలు కూడా ఆయన గాజు పాత్రల్లో విభజన చెందలేదు.

కణాలు చచ్చిపోలేదు. వారాల తరబడి బతికాయి. కొన్ని పెద్దవయ్యాయి, గోడలు దళసరి అయ్యాయి, పిండి పదార్థం నిలవ చేసుకున్నాయి. ఒక్కటంటే ఒక్కటి కూడా రెండుగా చీలలేదు.

మరొకరైతే ఆ కాగితాలు అటక మీద పడేసేవారు. ఈయన ఏ మొక్క కణం ఎన్ని రోజులు బతికిందో, ఎంత పెరిగిందో అన్నీ రాసి, విభజన మాత్రం జరగలేదని ఒప్పుకుని అచ్చు వేయించాడు. అక్కడితో ఆగక, ఇకముందు ఎవరైనా ఏం చేసి చూడాలో కూడా చెప్పాడు. విత్తనం తయారయ్యే చోట పిండాన్ని పోషించే రసాన్ని కలిపి చూడమన్నది అందులో ఒకటి.

ఇక్కడ నా గోడు కొంచెం చెప్పుకోవాలి. నేను టేకు విభాగంలో ఉన్నప్పుడు, ముదురు చెట్ల కొమ్మల నుంచి తెచ్చిన ముక్కలు మీడియాన్ని నల్లగా మార్చేసి చచ్చిపోయేవి. వానల్లో తెచ్చినవైతే లోపలి బూజు బయటపడి సీసాలకు సీసాలు పారబోయాల్సి వచ్చేది. నెలవారీ నివేదికలో బతికిన సీసాలకే గడి ఉండేది, పోయినవాటికి లేదు. వాటి లెక్క అవసరం లేదని పైనుంచి మాట వచ్చింది. సరేనన్నాను. నా సొంత నోటుబుక్కులోనైనా రాసుకోవచ్చు, ఎవరూ వద్దనలేదు, కానీ రాసుకోలేదు. నాకు బదిలీ అయ్యాక ఆ బల్ల దగ్గర చేరిన కుర్రాడు రెండు వానాకాలాలు అదే ముక్కలు తెచ్చి, అదే బూజు చూసి, ఒక పెళ్ళిలో కలిసినప్పుడు ఎందుకిలా అవుతోంది సార్ అని నన్నడిగాడు. ఏం చెప్పను? అప్పటికి హేబర్లాండ్ పేరు నాకు పాఠ్యపుస్తకంలోని ఒక వాక్యం మాత్రమే. ఆయన వ్యాసం సంగతి వివరంగా చదివింది రిటైరయ్యాకే.

1910లో ఆయన బెర్లిన్ విశ్వవిద్యాలయంలో తన గురువు ష్వెండెనర్ స్థానానికి వెళ్ళాడు. అక్కడ బంగాళాదుంప ముక్కలతో మళ్ళీ మొదలుపెట్టాడు. ఆహారాన్ని మోసే నాళాలున్న పలుచని ముక్కల్లో కణాలు చీలుతున్నాయి, అవి లేని ముక్కల్లో చీలడం లేదు. కోసిన చోటును నీళ్ళతో కడిగేస్తే విభజన తగ్గుతోంది. కాబట్టి గాయపడ్డ కణాల నుంచీ, నాళాల నుంచీ ఏదో పదార్థం వచ్చి విభజనను ప్రేరేపిస్తోందని 1913లోనూ, 1921లోనూ ప్రకటించాడు. మొక్కల హార్మోన్లు ఇంకా చేతికి దొరకని రోజులవి.

1922లో ఆయన శిష్యుడు కోట్టే వేరు కొనలను సీసాలో కొంతకాలం పెంచగలిగాడు. మరుసటి ఏడు గురువుగారు పదవీ విరమణ చేశారు. విశ్రాంతి అంటే కాళ్ళు చాపుకోవడమేనని ఆయన అనుకోలేదు, 1933లో తన స్మృతుల పుస్తకం వెలువరించాడు. అంతకు ముందు ఏడే పెద్ద దెబ్బ తగిలింది. కుమారుడు లుడ్విగ్ హార్మోన్ల ద్వారా గర్భనిరోధం సాధ్యమని జంతువుల మీద నిరూపించిన శరీరధర్మ శాస్త్రవేత్త. తీవ్ర వ్యతిరేకత ఎదుర్కొని, 47వ ఏట ఆత్మహత్య చేసుకున్నాడు.

1939లో ఫ్రాన్సులో గాత్రే, నోబెకూర్, అమెరికాలో వైట్ మొక్కల కణజాలాన్ని సీసాల్లో నిరవధికంగా పెంచి చూపారు. అప్పటికి హేబర్లాండ్‌కు 84 ఏళ్ళు. 1941లో అమెరికాలో ఉమ్మెత్త పిండాలకు కొబ్బరినీళ్ళు పోస్తే అవి చక్కగా పెరిగాయి. విత్తనంలో పిండాన్ని పోషించే రసం కాక కొబ్బరినీళ్ళు మరేమిటి? 1902లో ఆయన వేలు చూపించింది అటువైపే.

1945 జనవరి 30న, యుద్ధంలో శిథిలమవుతున్న బెర్లిన్‌లో, 90వ ఏట ఆయన మరణించాడు.

తర్వాతి కథ వేగంగా సాగింది. 1952లో ఫ్రాన్సులో మోరెల్, మార్టిన్ కలిసి వైరస్ పట్టిన డాలియా మొక్క చిగురు కొసను మాత్రం కత్తిరించి పెంచి, జబ్బు లేని మొక్కలు తీశారు. 1960లో మోరెల్ అదే పద్ధతి సింబీడియం ఆర్కిడ్లకు వాడాడు. ఒకప్పుడు ధనవంతుల గాజు ఇళ్ళలోనే కనిపించిన ఆర్కిడ్లు పూల అంగళ్ళకు వచ్చింది ఆ దారినే. 1958లో స్టీవార్డ్ కారెట్ కణాల నుంచి మొక్కలు తెచ్చాడు. అయినా అవి గుంపులుగా ఉన్న కణాలు కదా, ఒంటరి కణం మాటేమిటన్న సందేహం మిగిలింది. 1965లో వాసిల్ అనే మన దేశస్థుడు, హిల్డెబ్రాంట్‌తో కలిసి అమెరికాలో పొగాకు కణాన్ని ఒక్కదాన్నే విడదీసి పెంచాడు. అది చీలింది, ముద్ద కట్టింది, వేళ్ళూ ఆకులూ వేసింది. మట్టిలోకి మార్చాక పూలు కూడా పూసింది.