చిమ్నీ తీస్తే పొగ ఎందుకొస్తుంది?

కాలేజీ బస్సు కోసం రోజూ ఛత్తా బజార్ మీదుగా నడుస్తాను. రెండు వైపులా పెళ్లి కార్డులు అచ్చేసే చిన్న చిన్న ప్రెస్సులు, బయట వేలాడే ఉర్దూ శాంపిల్స్. మా పాతబస్తీ వాళ్లకి ఇది మామూలు సీనే. నూట నలభై ఏళ్ల కింద ఈ ఊళ్లో ఏం అచ్చయ్యేదో అని మాత్రం నేనెప్పుడూ ఆలోచించలేదు.

1881లో హైదరాబాద్‌లో పర్షియన్‌లో ఒక చిన్న పుస్తకం వచ్చింది. రాసినాయన జమాలుద్దీన్ అఫ్ఘానీ. కైరోలో, టెహ్రాన్‌లో, కాబూల్‌లో చరిత్ర చదివినవాళ్లెవరికైనా ఈ పేరు తెలుసు. ఆయన సుమారు రెండేళ్లు ఉన్న మన ఊళ్లో మాత్రం నా ఫ్రెండ్స్‌లో ఒక్కరూ వినలేదు. మొన్నటిదాకా నేనూ వినలేదు లెండి.

పేరులో అఫ్ఘానీ అని ఉన్నా ఆయన పుట్టింది ఇరాన్‌లో, హమదాన్ దగ్గరి అసదాబాద్‌లో, 1838లో. షియా ఇరానీ అంటే సున్నీ దేశాల్లో తన మాట వినరని అలా చెప్పుకున్నారని చరిత్రకారుల అంచనా. చిన్నప్పుడు చదివింది పాత పద్ధతి చదువు: తర్కం, ఇబ్న్ సీనా తత్వశాస్త్రం. ఒక మూల గ్రంథం, దాని మీద వ్యాఖ్య, ఆ వ్యాఖ్య మీద ఇంకో వ్యాఖ్య. మన దగ్గర సూత్రం, భాష్యం, టీక ఉన్నట్టే అనుకోండి.

1871 నుంచి కైరోలో ఉన్నారు. ఇంట్లో, కాఫీ హోటళ్లలో కుర్రాళ్లని కూర్చోబెట్టుకుని అవే పాత పుస్తకాలు చెప్పేవారు. కానీ చర్చ పుస్తకం దగ్గర ఆగేది కాదు, దేశం అప్పుల దాకా, పత్రికల దాకా వెళ్లేది. 1879లో ఈజిప్టు పాలకుడు తౌఫీక్ ఆయన్ని దేశం నుంచి పంపించేశాడు. అప్పుడు వచ్చింది హైదరాబాద్‌కి.

అప్పటికి ఇక్కడ దివాన్ మొదటి సాలార్‌జంగ్. రైలు వచ్చి అయిదారేళ్లే అయింది. మహమ్మద్ వాసిల్ అనే లెక్కల మాస్టారు ఆయనకి ఉత్తరం రాసి, అందరూ 'నేచరీ' 'నేచరీ' అంటున్నారు, అసలు అదేంటని అడిగారు. దానికి జవాబే ఆ పుస్తకం. ప్రకృతి తప్ప ఇంకేమీ లేదనేవాళ్ల మీద దాడి అది. నాకు నచ్చని పుస్తకం, ఎందుకంటే నమ్మకం నిజమా కాదా అని తేల్చడం కంటే, అది పోతే సమాజానికి ఏమవుతుందన్న దాని మీదే వాదన ఎక్కువ నడుస్తుంది. సిగ్గు, నమ్మకస్తత, నిజాయితీ మతం వల్లే నిలబడ్డాయంటారు.

ఇక్కడి పత్రికకి రాసిన వ్యాసాలు వేరు. ఒకదాంట్లో పండితుల్ని నిలదీశారు: ఆ లోపాల పుస్తకాల్లోంచి తలెత్తి ఈ పెద్ద ప్రపంచాన్ని ఎందుకు చూడరని. ఇంకోదాంట్లో, మనుషుల్ని కలిపే బంధాల్లో మతం కంటే భాష గట్టిదని, చదువు సొంత భాషలోనే చెప్పాలని రాశారు. ఇంగ్లీష్ మీడియం వాణ్ణి కదా, ఇక్కడ కొంచెం గుచ్చుకుంది. ఒకసారి అమ్మమ్మకి రికర్షన్ అంటే ఏంటో తెలుగులో చెప్పబోయి మూడో వాక్యంలో ఆగిపోయాను. తెలుగు రాక అనుకున్నా. కాదు, నాకు రికర్షనే సరిగ్గా రాదు.

1882 నవంబర్‌లో కలకత్తాలో ఒక ఉపన్యాసం ఇచ్చారు. అందులో దీపం సంగతి ఉంది. మన పండితులు సాయంత్రం నుంచి తెల్లారేదాకా దీపం ముందు పెట్టుకుని తత్వశాస్త్రం చదువుతారు. కానీ ఆ దీపానికి గాజు చిమ్నీ తీస్తే అంత పొగ ఎందుకొస్తుందో, పెడితే ఎందుకు ఆగుతుందో ఒక్కసారీ అడగరు. ఇంతే ఆయన చెప్పింది. గాలి సరిగ్గా అందక నూనె పూర్తిగా మండకపోతే మసి వస్తుంది. చిమ్నీ గాలిని కింద నుంచి పైకి లాగి మంటకి అందిస్తుంది. తత్వం చదివేవాడు అడగాల్సిన ప్రశ్నే ఇది అని ఆయన ఉద్దేశం. మా ల్యాబ్‌లో కోడ్ రన్ అయితే చాలు, ఎందుకు రన్ అయిందో ఎవరూ అడగరు. వైవాలో దొరికిపోతాం, అది వేరే సంగతి.

1883లో పారిస్ వెళ్లారు. ఇస్లాం సైన్స్‌కి అడ్డు అని రెనాన్ అనే పండితుడు ఉపన్యసిస్తే, పత్రికలో జవాబు రాశారు. అందులో చాలావరకు ఒప్పుకున్నారు! ఆ ఒక్క మతమే కాదు, అన్ని మతాలూ అలాగే అడ్డుపడ్డాయని. రెండేళ్ల కింద హైదరాబాద్‌లో రాసిన మనిషేనా ఈయన? శిష్యుడు మహమ్మద్ అబ్దూ ఆ జవాబు అరబిక్‌లోకి రాకుండా చూశాడు. హైదరాబాద్ పుస్తకాన్ని మాత్రం తనే అనువదించి 1886లో బేరూత్‌లో వేయించాడు.

ఎవరి ముందు ఏం మాట్లాడాలో లెక్క చూసుకునే మనిషి అని కొందరంటారు. నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ దీపం ప్రశ్న ఆ లెక్కలోది అనిపించదు.

తర్వాతంతా రాజకీయమే. 1891లో ఇరాన్ నుంచి గెంటేశారు. 1896లో ఆయన అనుచరుడొకడు ఇరాన్ షాని కాల్చి చంపాడు. అప్పటికి ఈయన ఇస్తాంబుల్‌లో సుల్తాన్ కనుసన్నల్లో దాదాపు బందీగా ఉన్నారు. 1897 మార్చిలో దవడ క్యాన్సర్‌తో అక్కడే పోయారు. 1944లో అవశేషాలు తవ్వి కాబూల్ తీసుకెళ్లారు. ఇప్పుడు సమాధి ఆ ఊరి యూనివర్సిటీ ఆవరణలో ఉంది.