నికోలా టెస్లా

నికోలా టెస్లా (జూలై 10, 1856 - జనవరి 7, 1943) సుప్రసిద్ధ విద్యుత్ శాస్త్రజ్ఞుడు, ఆవిష్కర్త. ఏకాంతర విద్యుత్ వ్యవస్థతో పాటు, తీగలు లేకుండా యంత్రాన్ని దూరం నుండి నడిపిన తొలి ప్రయోగాలకు ఈయన పేరుగాంచాడు.

జీవితం
ఈయన నేటి క్రొయేషియాలోని స్మిల్యాన్ గ్రామంలో సెర్బియన్ కుటుంబంలో జన్మించాడు. తండ్రి మిలుటిన్ మతాచార్యుడు. గ్రాజ్ నగరంలో ఇంజనీరింగు చదివినా పట్టా పొందలేదు. 1884లో న్యూయార్కు చేరాడు.

తీగలేని పడవ
1898లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్ ప్రదర్శనలో ఒక చిన్న ఇనుప పడవను రేడియో తరంగాలతో నడిపి చూపాడు. పడవను చేరే తరంగం అతి బలహీనమైనది. దానితో మోటారు తిరగదు. కనుక ఆ తరంగం లోహపు పొడి నింపిన గొట్టం ద్వారా ఒక మీటను మాత్రమే కదిలించేది. చలనానికి కావలసిన శక్తిని పడవలోని బ్యాటరీయే ఇచ్చేది. ఆజ్ఞకు స్వల్ప శక్తి, పనికి సొంత శక్తి అనే ఈ విభజనే నేటి బ్యాటరీ రోబోట్లలోనూ కనిపిస్తుంది. నవంబరు 8, 1898న దీనికి అమెరికా పేటెంటు (సంఖ్య 613809) లభించింది.

ఇతరుల తరంగాలకు యంత్రం లోబడకుండా, రెండు పౌనఃపున్యాలు కలిసి వస్తేనే స్పందించే పద్ధతిని కూడా రూపొందించాడు. దీని పేటెంట్లు 1903లో వచ్చాయి. తనంతట తానే నిర్ణయించుకొనే యంత్రాలు రాగలవని 1900లోనే ఒక వ్యాసంలో ఊహించాడు.

చివరి రోజులు
పడవపై ప్రభుత్వం ఆసక్తి చూపలేదు. ధనాభావం వలన వార్డెన్‌క్లిఫ్ ప్రసార గోపురం కూడా పూర్తి కాలేదు. 1917లో దానిని కూల్చివేశారు. అప్పులతో గడిపిన టెస్లా న్యూయార్కులోని ఒక హోటలు గదిలో ఒంటరిగా మరణించాడు. 1960లో అయస్కాంత అభివాహ సాంద్రత ప్రమాణానికి ఈయన పేరు పెట్టారు.