బంతిని నమ్ముకున్న బడిపంతులు

మైపాడు, కృష్ణపట్నం తీరాల్లో సాయంత్రం పూట మన పిల్లలు వట్టికాళ్ళతో ఇసుకలో బంతి తన్నడం మీరు చూస్తూనే ఉంటారు. చదువు మాని ఈ ఆటలేమిటని కసురుకునే ఉంటారు కూడా. ఈ వారం మీకు పరిచయం చేయదలచిన వ్యక్తి అటు చదువూ, ఇటు బంతీ రెండూ చేతబట్టినవారే. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. అందరికీ రహీం సాహెబు.

1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. యువకుడిగా తానూ ఫుట్‌బాల్ ఆడారు. జీవనోపాధికి మాత్రం బడిపంతులయ్యారు. ఆ రోజుల్లో మన దేశంలో ఆట కూడుపెట్టేది కాదు. అమెరికాలోనో, ఇంగ్లండులోనో ఆటగాడికి జీతం ఇచ్చే జట్లున్నాయి గాని, ఇక్కడ పేదింటి కుర్రవాడికి దొరికిన దారి పోలీసు ఉద్యోగం. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు అలాంటి కుర్రవాళ్ళదే. రహీం గారి శిక్షణలో ఆ జట్టు 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు తెచ్చింది. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. కలకత్తా వారికి ఇది మింగుడుపడని సంగతి!

ఆయన పద్ధతి పంతులు పద్ధతే. కుడికాలి వాటం వాడిని ఎడమకాలితో తన్నమనేవారు. బంతిని కాళ్ళ దగ్గరే తిప్పుకుంటూ గొప్పలు పోవడం ఆయనకు గిట్టదు. అందుకే బంతిని అట్టిపెట్టుకోకుండా వెంటనే అందించాలన్న నియమంతో ప్రత్యేక పోటీలే పెట్టించారు.

1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి మనవాళ్ళు బంగారు పతకం గెలిచారు. మరుసటి ఏడే హెల్సింకీ ఒలింపిక్స్. అక్కడి చలిలో మనవాళ్ళలో చాలామంది వట్టికాళ్ళతోనే దిగారు. యుగోస్లావియా 10-1తో చిత్తు చేసింది. అంత అవమానం తర్వాత గాని మన ఆటగాళ్ళకు బూట్లు తప్పనిసరి కాలేదు. నాలుగేళ్ళకు, 1956లో మెల్బోర్న్‌లో, అదే దేశం ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ ఆటలో నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్సు చేశాడు.

1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో రహీం గారి కుమారుడు హకీం కూడా ఉన్నాడు. మూడు ఆటలూ ముగిశాయి గాని, తండ్రి శిక్షకుడైనా కొడుక్కి ఒక్క ఆటలోనూ చోటు దక్కలేదు. ఈ సంగతి మనలో తండ్రులు కాస్త ఆలోచించదగ్గది.

ఇక 1962, జకార్తా. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఇండోనేషియా రానివ్వకపోవడాన్ని మన ప్రతినిధి సోంధీ తప్పుపట్టారు. దాంతో అక్కడి జనం మనవాళ్ళపై మండిపడ్డారు. తొలి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. పైగా వెనుక వరుసలో గోడలా నిలిచే జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడ్డాయి. సెప్టెంబరు 4న ఫైనల్లో మళ్ళీ అదే కొరియా. స్టేడియం నిండా ఈలలు, కేకలు. రహీం గారు సాహసించి, తలకు కట్టు ఉన్న జర్నైల్‌ను ముందు వరుసకు పంపారు. మొదటి ఇరవై నిమిషాల్లోనే పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ మరొక గోలు చేశారు. సికింద్రాబాదు కుర్రవాడు తులసీదాస్ బలరాం కూడా ఆ రోజు ముందు వరుసలో ఆడాడు. చివర్లో కొరియా ఒకటి తిరిగి కొట్టినా, 2-1తో బంగారు పతకం మనదే అయింది.

ఆ తర్వాత కొద్ది నెలలకే ఆయన మంచం పట్టారు. క్యాన్సర్. 1963 జూన్ 11న, 53 ఏళ్ళకే కన్నుమూశారు. 2024లో ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చేదాకా మన ఇళ్ళల్లో చాలామందికి ఆ పేరే తెలియదు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో జకార్తా తర్వాత మన దేశానికి మళ్ళీ బంగారు పతకం రాలేదు.