చెంపదెబ్బ మార్చిన జీవితం: లలితా పవార్

హిందీ చలనచిత్రాలు చూసే అలవాటున్న ఇళ్ళలో ఒక అత్తగారి గుణగణాలు వర్ణించవలసి వస్తే లలితా పవార్ పేరు చెప్పి ఊరుకొనేవారు. ఆపైన ఇంకేమీ చెప్పనక్కర ఉండేది కాదు. తెలుగునాట సూర్యకాంతం పేరుకు పట్టిన గతే ఆ పేరుకూ పట్టింది. షోలాపూరులోనూ భివండిలోనూ తరాలుగా స్థిరపడిన మనవారికి ఈ ఇద్దరు అత్తలూ పరిచితులే. అయితే తెర మీద లలితా పవార్ ఎడమకన్ను చిన్నది చేసి చూసినప్పుడు ప్రేక్షకుల గుండెలు జల్లుమనేవి కదా, ఆ కన్ను నటన కోసం చిన్నది చేసినది కాదు. అది ఒక ప్రమాదం మిగిల్చిన గుర్తు.

నాసిక్ జిల్లాలోని యేవలా పైఠణీ పట్టుచీరలకు ప్రసిద్ధి చెందిన ఊరు. మగ్గమెరిగిన కుటుంబాలకు ఆ పేరు కొత్త కాదు. అక్కడ బట్టల వ్యాపారి అయిన లక్ష్మణరావు సగుణ్ ఇంట 1916 ఏప్రిల్ 18న ఆమె జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు అంబ. ఆడపిల్ల తెర మీద కనిపించడమే తప్పుగా భావించే ఆ రోజుల్లో, అదీ ఆచారపరుల కుటుంబంలో పుట్టి, 1928లో ‘రాజా హరిశ్చంద్ర’ మూకీ చిత్రంలో బాలనటిగా ప్రవేశించారు. 1932లో ‘కైలాస్’ అనే మూకీలో నటించడమే కాక దాని నిర్మాణంలోనూ భాగస్వామి అయ్యారు. అప్పటికి ఆమెకు పదహారేళ్ళు. టాకీలు వచ్చాక ‘హిమ్మత్ ఎ మర్దా’ వంటి చిత్రాలలో కథానాయికగా నటించి పాటలు కూడా పాడారు. 1938 నాటి ‘దునియా క్యా హై’ నిర్మాణంలోనూ ఆమె పాలు ఉంది. ఈనాటి వారికి నమ్మశక్యం కాకపోవచ్చు గాని, ఆమె ఆ కాలపు అందగత్తెలలో ఒకరు.

1942లో ‘జంగ్ ఎ ఆజాదీ’ చిత్రీకరణ జరుగుతున్నది. సహనటుడు భగవాన్ ఆమె చెంపమీద కొట్టే దృశ్యమది. తరువాతి కాలంలో ‘అల్బేలా’తో దేశమంతటా పేరు పొందిన భగవాన్ దాదా ఆయనే. పగబట్టి కొట్టినదేమీ కాదు. నటనలో చెయ్యి అదుపు తప్పింది. దెబ్బ తగలవలసినదానికన్నా గట్టిగా తగిలింది. ముఖంలో ఒక పక్క చచ్చుబడింది, ఎడమకంటి నరం చిట్లింది. చికిత్స సుమారు మూడేళ్ళు సాగింది. ముఖం చాలావరకు నయమైంది గాని కన్ను మాత్రం పూర్వస్థితికి రాలేదు. ఇరవై ఆరేళ్ళ కథానాయికకు అది ఎటువంటి దెబ్బో వేరుగా చెప్పాలా? ముఖమే పెట్టుబడి అయిన వృత్తిలో ఆ పెట్టుబడి ఒక్క క్షణంలో పోయింది.

కథానాయిక వేషాలు ఆగిపోయాయి. ఆమె మాత్రం ఆగలేదు. 1944లో ప్రభాత్ సంస్థ ‘రామశాస్త్రి’ తీసినప్పుడు అందులో ఆనందీబాయి పాత్ర ధరించారు. మహారాష్ట్రలో ఆ పేరు తెలియనివారు ఉండరు. పీష్వా నారాయణరావును పట్టుకొమ్మని రాసిన ఆజ్ఞలో ‘ధ’ అనే ఒక్క అక్షరాన్ని ‘మ’గా దిద్ది చంపమని మార్చిన స్త్రీగా జనశ్రుతి ఆమెను నిలిపింది. చరిత్ర తిట్టిపోసిన స్త్రీ వేషంతో లలితా పవార్ రెండవ జీవితం బలపడడం విచిత్రమే.

అత్తగారి ముద్ర గట్టిగా పడింది 1950లో. వి.శాంతారాం కట్నపు దురాచారం మీద తీసిన ‘దహేజ్’లో ఆమె కోడలిని రాచిరంపాన పెట్టే అత్త. అదే సంవత్సరం చెన్నపట్నంలో తయారైన ‘సంసారం’తో సూర్యకాంతం గయ్యాళి అత్తగా స్థిరపడడం కాకతాళీయం. ఇంకొక పోలికా ఉంది. సూర్యకాంతానికి వచ్చిన కథానాయిక అవకాశం కూడా కారు ప్రమాదంలో ముఖానికి గాయమై చేజారిందని చెబుతారు. అయితే మన సూర్యకాంతం గయ్యాళితనంలో నవ్వు కలిసి ఉంటుంది, చూసేవాడు తిడుతూనే నవ్వుతాడు. లలితా పవార్ అత్తలలో ఆ వెసులుబాటు తక్కువ.

ఆ అత్తలను నిర్మాతలు అరగదీశారు. ఆమె నటించినవి ఏడువందల చిత్రాలకు పైమాటే అంటారు. వాటిలో చాలావాటిలో పేరు మారినా అత్త మారలేదు. ఆమె గొప్పతనం ఆ ముద్రను దాటిన వేషాలలోనే ఉన్నదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ‘శ్రీ 420’ (1955)లో రోడ్డు పక్క అరటిపళ్ళు అమ్ముకొనే గంగామాయి, ‘అనాడీ’ (1959)లో ఇంటి యజమానురాలు మిసెస్ డిసా అటువంటివి. డిసా నోరు విప్పితే కసురు. కాని రాజ్‌కపూర్ పాత్రను కన్నకొడుకులా చూసుకొంటుంది. చివరకు కల్తీ మందు తాగి మరణిస్తుంది, ఆ మరణానికి దోషిగా నిలబడేది ఆమె కొడుకుగా భావించిన ఆ అమాయకుడే. ఆ పాత్రకు ఫిలింఫేర్ ఉత్తమ సహాయనటి పురస్కారం లభించింది. మాటలో కరకుదనం, చూపులో తడి. దెబ్బతిన్న ఆ కంటితోనే రెండింటినీ చూపగలిగారు.

1961లో సంగీత నాటక అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ ఏడే ‘జంగ్లీ’లో ఇంట నవ్వును నిషేధించిన తల్లిగా, మరుసటి ఏడు ‘ప్రొఫెసర్’లో ముసలి పంతులు వేషం వేసుకొచ్చిన షమ్మీకపూర్ మీద మనసుపడే కఠినమైన సంరక్షకురాలిగా నటించారు. ఈ రెండవది చూడని వారు తప్పక చూడాలి. వయసు మీరిన స్త్రీ మనసును హాస్యానికి వాడుకొన్న కథే అయినా, ఆమె ఆ పాత్ర గౌరవం పోనివ్వలేదు.

1987 జనవరిలో దూరదర్శన్‌లో రామానంద సాగర్ ‘రామాయణ్’ మొదలైంది. ఆదివారం ఉదయం వీధులు నిర్మానుష్యమయ్యేవి. డెబ్బై దాటిన లలితా పవార్ అందులో మంథర. హిందీ ముక్క రాని మన బామ్మలకు సైతం ఆ వేషానికి అనువాదం అక్కరలేకపోయింది. కైకేయి చెవి దగ్గర వంగి ఆ కన్ను కాస్త ముడిస్తే, రానున్న అనర్థమంతా ఇంట కూర్చున్నవారికి అర్థమయ్యేది.

మొదటి భర్త గణపతిరావు పవార్‌తో కాపురం నిలవలేదు. తరువాత నిర్మాత రాజ్‌ప్రకాశ్ గుప్తాను వివాహమాడారు. పవార్ అన్న పేరు మాత్రం తెరమీద చివరిదాకా ఉండిపోయింది. వృద్ధాప్యం పుణెలోని ఔంధ్‌లో గడిచింది. 1998 ఫిబ్రవరి 24న అక్కడే కన్నుమూశారు. అప్పుడు భర్త ఆస్పత్రిలో ఉన్నారు, ఇంట ఆమె పక్కన ఎవరూ లేరు. కుమారుడు ఫోను చేస్తే ఎత్తకపోవడంతో గాని విషయం బయటికి రాలేదు.

2020 మార్చిలో దేశమంతా ఇళ్ళలో తలుపులు మూసుకొని కూర్చున్నప్పుడు దూరదర్శన్ ఆ ‘రామాయణ్’ను మళ్ళీ ప్రసారం చేసింది. అప్పటికి లలితా పవార్ మరణించి ఇరవై రెండేళ్ళు. తాము పుట్టకముందే వెళ్ళిపోయిన ఆ మనిషిని పిల్లలు మంథరగా చూసి తిట్టుకొన్నారు.