చాప్‌మన్: తేలిక కార్లు, బరువైన లెక్కలు

మ్యాథ్స్ పేపరు పోయిందని దిగులుగా ఉన్నవాళ్ళు ముందు ఇది చదవండి. 1948లో లండన్‌లో ఒక ఇంజినీరింగ్ కుర్రాడు ఫైనల్ ఇయర్ మ్యాథ్స్ తప్పాడు. మరుసటి ఏడాది మళ్ళీ రాసి, లేటుగా డిగ్రీ తెచ్చుకున్నాడు. ఆ కుర్రాడు పెట్టిన టీమే తర్వాత ఫార్ములా వన్‌లో ఏడుసార్లు కన్‌స్ట్రక్టర్స్ టైటిల్ గెలిచింది. అతని పేరు కోలిన్ చాప్‌మన్. కంపెనీ పేరు లోటస్.

నేను సీఎస్ఈ. కార్ల గురించి నాకు తెలిసింది మెకానికల్ ఫ్రెండ్స్ దగ్గర విన్నది కొంత, కూర్చుని చదివింది కొంత. వాళ్ళు ఒక చిన్న కారుకి అడ్జస్టబుల్ కాయిల్‌ఓవర్లు వేసి ట్రాక్ మీద తిప్పాలని రోజూ క్యాంటీన్‌లో లెక్కలేస్తుంటారు. మామూలు చిన్న కారు సస్పెన్షన్ మార్చి రేసులు గెలిచినవాళ్ళు ఎవరున్నారా అని వెతుకుతుంటే చాప్‌మన్ దొరికాడు. అతను హీరోనా కాదా అన్నది మాత్రం చదివేకొద్దీ తేల్చుకోవడం కష్టమైంది. అందుకే ఇది రాస్తున్నాను.

చాప్‌మన్ 1928 మే 19న ఇంగ్లండ్‌లోని రిచ్‌మండ్‌లో పుట్టాడు. నాన్న ఉత్తర లండన్‌లోని హార్న్‌సీలో రైల్వే హోటల్ నడిపేవాడు. కొడుకు యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో స్ట్రక్చరల్ ఇంజినీరింగ్‌లో చేరాడు. చదువుతూనే విమానం నడపడం నేర్చుకున్నాడు. చదువుతూనే ఫ్రెండ్‌తో కలిసి సెకండ్ హ్యాండ్ కార్ల బిజినెస్ కూడా పెట్టాడు. యుద్ధం అయిపోయింది, కొత్త కార్లు దొరకట్లేదు, పాత కార్లకి గిరాకీ బాగుంది. అంతలో 1947 చివర్లో ప్రభుత్వం సొంత కార్లకిచ్చే పెట్రోల్ రేషన్ ఆపేసింది. కొనేవాడే లేడు. కార్లన్నీ నష్టానికి అమ్మేశాక అతని దగ్గర ఒక పాత ఆస్టిన్ సెవెన్ మిగిలిపోయింది.

ఆస్టిన్ సెవెన్ అంటే వాళ్ళకి ఒకప్పుడు మన మారుతి 800 లాంటిది. చిన్నది, చవక, ఎవరైనా రిపేర్ చేసుకోవచ్చు. గర్ల్‌ఫ్రెండ్ హేజెల్ వాళ్ళింటి వెనకున్న గ్యారేజీలో ఆ కారు బాడీ పీకేసి, ప్లైవుడ్‌తో కొత్తది కట్టాడు. 1948లో తయారైన ఆ కారే మొదటి లోటస్. 1952లో కంపెనీ మొదలుపెట్టడానికి 25 పౌండ్లు అప్పిచ్చింది కూడా హేజెలే. వర్క్‌షాప్ ఎక్కడంటే, నాన్న హోటల్ వెనకున్న పాత గుర్రాల కొట్టంలో. 1954లో ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు.

ఇక్కడ కథ కాస్త ఆపి కాయిల్‌ఓవర్ అంటే ఏంటో చెప్పాలి. పార్కింగ్‌లో ఏదైనా బైక్ వెనక చక్రం దగ్గర వంగి చూడండి. షాక్ అబ్జార్బర్ చుట్టూ స్ప్రింగ్ చుట్టి ఉంటుంది. అదే కాయిల్‌ఓవర్. కింద గాళ్ళున్న రింగు ఉంటుంది, మెకానిక్ ఒక స్పానర్‌తో దాన్ని తిప్పితే స్ప్రింగ్ బిగుతు మారుతుంది. స్ప్రింగ్ పని బరువు మోయడం, గతుకు తగిలితే నొక్కుకుని మళ్ళీ లేవడం. కానీ స్ప్రింగ్ ఒక్కటే ఉంటే బండి ఊగుతూనే ఉంటుంది, ఎగ్జిట్ కండిషన్ లేని లూప్ లాగా. ఆ ఊపుని ఆపేది లోపలున్న ఆయిల్. సన్నని రంధ్రాల్లోంచి ఆయిల్ దూరాలి కాబట్టి కదలిక నెమ్మదిస్తుంది. ట్రాక్ కారుకి వేసే అడ్జస్టబుల్ రకంలో రెండు పనులు చేసుకోవచ్చు. బయటి మరలు తిప్పి కారు ఎత్తు తగ్గించొచ్చు, నాబ్ తిప్పి ఆయిల్ అడ్డుకునే బలం మార్చొచ్చు.

చాప్‌మన్ 1952లో అమ్మకానికి పెట్టిన మార్క్ సిక్స్‌లో ఈ పని చేశాడు. ఫోర్డ్ కారు ముందు ఇరుసు తెచ్చి మధ్యకి కోసి, రెండు చక్రాలూ విడివిడిగా కదిలేలా చేసి, ఒక్కోదానికీ షాక్ అబ్జార్బర్ మీద స్ప్రింగ్ పెట్టాడు. ఛాసిస్ సన్నని ట్యూబులతో వెల్డ్ చేసింది. అతని ఆలోచన అప్పటి రేసు కార్లకి రివర్స్‌లో ఉండేది. అప్పట్లో చాలామంది స్ప్రింగులు రాయిలా పెట్టేవాళ్ళు, ఛాసిస్ మాత్రం మెలితిరిగేది. చాప్‌మన్ ఛాసిస్‌ని గట్టిగా, స్ప్రింగుల్ని మెత్తగా పెట్టి, ఊపుని షాక్ అబ్జార్బర్‌తో కంట్రోల్ చేశాడు. టైరు రోడ్డుని వదలకపోతేనే గ్రిప్ ఉంటుంది. టైరు రోడ్డుని వదలకూడదంటే చక్రం గతుకు వెంట దిగాలి, ఎక్కాలి. కాయిల్‌ఓవర్ వేయగానే నాబ్ చివరిదాకా బిగించి, నడుము విరుగుతుంటే అదే రేసింగ్ ఫీల్ అనుకునేవాళ్ళు ఈ పేరా రెండుసార్లు చదవాలి.

1957లో వచ్చిన లోటస్ సెవెన్‌ని విడిభాగాలుగా కూడా అమ్మేవాళ్ళు. అలా కొంటే పన్ను పడదు. కానీ బిగించే పద్ధతి రాసిస్తే పన్ను పడుతుంది. అందుకని లోటస్ వాళ్ళు విప్పే పద్ధతి రాసిచ్చారు! కొన్నవాడు దాన్ని చివరి నుంచి మొదటికి చదువుకుంటూ బిగించుకోవాలి. చదివినప్పుడు నాకు భలే నవ్వొచ్చింది. రూల్‌లో సందు వెతికే ఈ అలవాటు తర్వాత అతన్ని ఎక్కడికి తీసుకెళ్ళిందో చివర్లో చెప్తాను.

మా ఫ్రెండ్స్ ప్రాజెక్టుకి బాగా దగ్గరైన కారు మాత్రం 1963లో వచ్చిన లోటస్ కోర్టినా. ఫోర్డ్ కోర్టినా మామూలు ఫ్యామిలీ కారు. వెనక లారీలకి ఉన్నట్టు కమాన్ కట్టలు ఉండేవి. దాన్ని రేసులకి తయారు చెయ్యమని ఫోర్డ్ చాప్‌మన్‌ని అడిగింది. అతను 1558 సీసీ ట్విన్ క్యామ్ ఇంజిన్ పెట్టాడు, డోర్లు, బానెట్, డిక్కీ మూత అల్యూమినియంతో చేయించాడు. వెనక కమాన్ కట్టలు పీకేసి కాయిల్‌ఓవర్లు వేశాడు. ఇరుసు పక్కకి జరక్కుండా ఏ అక్షరం ఆకారంలో ఒక బ్రాకెట్ బిగించాడు. తెల్ల రంగు మీద పచ్చ చార ఉన్న ఆ కారుతో జిమ్ క్లార్క్ 1964 బ్రిటిష్ సెలూన్ కార్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. మలుపులో ముందు చక్రం గాల్లోకి లేచి, మూడు చక్రాల మీద పోతున్న ఫోటోలు ఇప్పటికీ కనిపిస్తాయి.

ట్రాక్ మీద సూపర్ హిట్. రోడ్డు మీద మాత్రం వేరే కథ. ఆ బ్రాకెట్ లోడంతా తెచ్చి డిఫరెన్షియల్ హౌసింగ్ మీద వేసింది. ఆ హౌసింగ్‌ని అంత లోడ్ కోసం తయారు చెయ్యలేదు. ఆయిల్ కారడం మొదలైంది, కారిన ఆయిల్ రబ్బరు బుష్‌లని మెత్తబరిచింది. 1965లో ఫోర్డ్ మళ్ళీ కమాన్ కట్టలకే వెళ్ళిపోయింది. ఒక పార్ట్ మారిస్తే లోడ్ మాయమవదు, ఇంకో పార్ట్ మీదకి వెళ్తుంది. మేము కోడ్‌లో ఒక బగ్ ఫిక్స్ చేస్తే ఇంకో ఫైల్ పగలడం లాంటిదే ఇది. ఇక్కడ నష్టం ఆయిల్ కారడంతో ఆగింది.

ఇంకోచోట ఆగలేదు.

అరవైల్లో చాప్‌మన్ పట్టిందల్లా బంగారం. 1962లో లోటస్ 25కి విమానాల స్టైల్లో మోనోకాక్ ఛాసిస్ పెట్టాడు. 1963లో, 1965లో క్లార్క్ వరల్డ్ ఛాంపియన్. 1965లోనే ఇండియానాపొలిస్ 500 కూడా. క్లార్క్, చాప్‌మన్ మంచి దోస్తులు. 1968 ఏప్రిల్ 7న హాకెన్‌హైమ్‌లో ఫార్ములా టూ రేసులో లోటస్ కారు చెట్లకి కొట్టుకుని క్లార్క్ చనిపోయాడు. టైరులో గాలి పోవడమే కారణమని అనుకుంటారు.

అప్పుడే రెక్కల కాలం మొదలైంది. రెక్క గాలితో కారుని కిందకి నొక్కుతుంది. కానీ బాడీకి బిగిస్తే ఆ బలం ముందు స్ప్రింగుల్ని నొక్కుతుంది, మెత్తని స్ప్రింగులు కూలబడతాయి. అందుకని లోటస్ ఎత్తైన సన్నని కడ్డీల మీద రెక్కని నేరుగా చక్రాల దగ్గరున్న సస్పెన్షన్‌కే బిగించింది. ఐడియా చాలా తెలివైనది. కడ్డీలు మాత్రం బలహీనం. 1969 మేలో బార్సిలోనా రేసులో గ్రాహం హిల్ కారు రెక్క విరిగి క్రాష్ అయింది. కాసేపటికి యోహెన్ రింట్ కారు రెక్క కూడా అక్కడే విరిగింది. రింట్ గాయపడ్డాడు.

ఆ తర్వాత రింట్ చాప్‌మన్‌కి ఉత్తరం రాశాడు. మీ కార్లు ఎంత స్పీడంటే, బలహీనంగా ఉన్న పార్టులకి కొంచెం బరువు కలిపి గట్టిచేసినా మనం గెలుస్తామన్నది ఆ ఉత్తరం సారాంశం. నమ్మకం లేని కారు నడపలేనని కూడా చెప్పాడు. చదువుతుంటే నాకు ఇది కంప్లైంట్‌లా అనిపించలేదు. యూజర్ క్లియర్‌గా రాసిన బగ్ రిపోర్ట్‌లా ఉంది.

1970లో లోటస్ 72 వచ్చింది. స్ప్రింగ్ కింద ఉండే బరువు, అంటే చక్రం, హబ్, బ్రేక్ లాంటివి, ఎంత తక్కువుంటే టైరు రోడ్డుని అంత బాగా పట్టుకుంటుంది. కాళ్ళకి ఇసుక మూటలు కట్టుకుని పరిగెత్తితే పాదం ఎంత మొద్దుగా కదులుతుందో ఊహించుకోండి. అందుకని చాప్‌మన్ టీమ్ ముందు బ్రేకుల్ని చక్రాల దగ్గర్నుంచి తీసి కారు బాడీలో పెట్టింది. చక్రానికీ బ్రేకుకీ మధ్య ఒక షాఫ్ట్. కారు అద్భుతంగా నడిచింది. రింట్ ఆ కారుతో వరసగా నాలుగు రేసులు గెలిచాడు. ఆగస్టులో ఆస్ట్రియాలో టీమ్‌మేట్ జాన్ మైల్స్ కారు బ్రేక్ షాఫ్ట్ విరిగింది. మూడు వారాల తర్వాత, సెప్టెంబర్ 5న, మోంజా ప్రాక్టీసులో రింట్ కారు కుడి ముందు బ్రేక్ షాఫ్ట్ విరిగింది. కారు పక్కకి లాగేసి బారియర్‌కి కొట్టుకుంది. రింట్ బతకలేదు. బారియర్ సరిగ్గా బిగించకపోవడం వల్లే ప్రాణం పోయిందని, షాఫ్ట్ విరగడంతో యాక్సిడెంట్ మొదలైందని ఇటలీలో కోర్టు తేల్చింది. ఆ ఏడాది అతని పాయింట్లు ఎవరూ దాటలేకపోయారు. చనిపోయాక వరల్డ్ ఛాంపియన్ అయినవాడు ఫార్ములా వన్ చరిత్రలో రింట్ ఒక్కడే.

అప్పట్లో అన్ని టీముల్లోనూ డ్రైవర్లు చనిపోయేవాళ్ళు, ట్రాకులూ ఘోరంగా ఉండేవి. చాప్‌మన్ ఒక్కడినే బోనులో నిలబెట్టడం న్యాయం కాదు. కానీ ఉత్తరం అందినవాడు మాత్రం అతనే.

మిగతా కథ త్వరగా చెప్తాను. కారు కింద గాలిని వాడుకునే గ్రౌండ్ ఎఫెక్ట్‌తో లోటస్ 79 వచ్చింది, 1978లో మారియో ఆండ్రెట్టి ఛాంపియన్ అయ్యాడు. గ్రౌండ్ ఎఫెక్ట్‌కి కారు ఎత్తు మారకూడదు, అంటే స్ప్రింగులు రాళ్ళలా ఉండాలి. మళ్ళీ పాత తగాదానే, మెత్తనా గట్టినా? 1981లో లోటస్ 88కి రెండు ఛాసిస్‌లు పెట్టాడు. గాలి లోడ్‌కి ఒకటి, డ్రైవర్ కూర్చోవడానికి మెత్తగా ఒకటి. రూల్స్‌కి విరుద్ధమని దాన్ని రేసులో దిగనివ్వలేదు. ఆఖరికి స్ప్రింగ్ పనిని కంప్యూటర్‌కి అప్పగించే యాక్టివ్ సస్పెన్షన్ మీద అతని ఇంజినీర్లు పడ్డారు. సెన్సర్లు కొలుస్తాయి, కంప్యూటర్ లెక్కేస్తుంది, హైడ్రాలిక్స్ చక్రాన్ని కదుపుతాయి. మన బ్రాంచ్ వాళ్ళు గర్వపడే చోటిది. అది రేసు గెలిచింది 1987 మొనాకోలో, సెన్నా చేతిలో.

అది చూడటానికి చాప్‌మన్ లేడు. 1982 డిసెంబర్ 16న గుండెపోటుతో పోయాడు. వయసు 54. అప్పటికే డెలోరియన్ కారు ప్రాజెక్టులో బ్రిటిష్ ప్రభుత్వం పెట్టిన డబ్బులో లక్షల పౌండ్లు దారి మళ్ళాయని గొడవ మొదలైంది. 1992లో లోటస్ గ్రూపులో ఫైనాన్స్ చూసిన అధికారికి జైలు శిక్ష వేస్తూ, చాప్‌మన్ బతికుంటే అతనికి కనీసం పదేళ్ళు పడేదని జడ్జి చెప్పాడు. విప్పే పద్ధతి రాసిచ్చిన తెలివి అక్కడిదాకా వచ్చింది.

నా అభిప్రాయం ఇది. చాప్‌మన్ లాంటి ఇంజినీర్ మళ్ళీ పుట్టడం కష్టం. కానీ బరువు తీసేసే ప్రతిసారీ అతను సేఫ్టీ మార్జిన్ కూడా తీశాడు. ఆ మార్జిన్ అతనిది కాదు, కారులో కూర్చునేవాడిది.

అందుకే ప్రాజెక్టు చేస్తున్న ఫ్రెండ్స్‌కి ఒక రిక్వెస్ట్. కాయిల్‌ఓవర్లు వేసుకోండి, మెత్తగా మొదలుపెట్టి ఒక్కో క్లిక్ మారుస్తూ రాసుకోండి. పై మౌంట్, బుష్‌లు, వెల్డింగులు కొత్త లోడ్‌ని తట్టుకుంటాయో లేదో చూడండి. ఏమేం తీశారో, ఏమేం మార్చారో ఒక పేపర్ మీద రాసి, ట్రాక్‌కి వెళ్ళే ముందు నడిపేవాడి చేతిలో పెట్టండి. వాడు ఏదైనా ఒక లైన్ మీద వేలు పెట్టి ఇది మళ్ళీ బిగించమంటే, ల్యాప్ టైమ్ గురించి మాట్లాడకుండా బిగించండి.