వెర్నర్ ఫోర్స్‌మన్

వెర్నర్ ఫోర్స్‌మన్ 1904వ సంవత్సరమున జర్మనీ దేశమందలి బెర్లిను నగరమున జన్మించెను. తండ్రి మొదటి ప్రపంచయుద్ధమున మరణించుటచే బాల్యముననే పితృహీనుడయ్యెను. అయినను చదువు విడువక, వైద్యశాస్త్రము నభ్యసించి, 1929లో ఎబర్స్‌వాల్డె అను పట్టణపు వైద్యశాలలో చేరెను.

ఆ కాలమున గుండె నిలిచిపోవుచున్న రోగికి వైద్యులు రొమ్ముగుండ సూదిని గ్రుచ్చి, గుండెలోనికే మందెక్కించుచుండిరి. సూదివలన రక్తనాళములు చిరుగు ప్రమాదము కలదు. ఇంతకన్న మేలైన మార్గము లేదా యని ఫోర్స్‌మన్ ఆలోచించెను. పూర్వము ఫ్రెంచి శాస్త్రజ్ఞులు గుర్రపు మెడసిరగుండ గుండెలోనికి గొట్టమును పంపిన చిత్రము నాతడు చూచియుండెను. సిరలలోని రక్తము గుండెకే చేరును గదా! చేతిసిరలో సన్నని గొట్టమును చొనిపిన, అదియు ఆ త్రోవనే గుండెను చేరవలెనని యాతడు తలచెను.

పై యధికారి రోగులపై గాని, తనపై గాని ఈ ప్రయోగము చేయరాదని నిషేధించెను. ఫోర్స్‌మన్ మానలేదు. శస్త్రచికిత్సా పరికరములు గెర్డా డిట్సెన్ అను నర్సు వశమున నుండెను. సంగతి విని, ఆమె ప్రయోగమునకు తన శరీరమునే ఈయ నంగీకరించెను. ఆతడామెను బల్లకు కట్టి, ఆమె చేతిని సిద్ధపరచుచున్నట్లు నటించి, తన యెడమచేతి సిరలోనికే గొట్టమును చొనిపెను. పిమ్మట కట్లు విప్పి, ఆమెతో గూడ క్రింది యంతస్తులోని ఎక్సురే గదికి నడచిపోయెను. అచట అద్దములో చూచుకొనుచు గొట్టమును 65 సెంటీమీటర్ల వరకు త్రోసెను. దాని కొన గుండె కుడికర్ణికను చేరినట్లు ఛాయాచిత్రము తెలిపెను.

ఆ సంవత్సరమే ఫలితమును ప్రకటించెను గాని, ఆతనికి మెప్పునకు బదులు నింద లభించెను. బెర్లినులో ఉద్యోగము పోయెను. తుదకు మూత్రకోశవ్యాధుల వైద్యుడయ్యెను. 1932లో నాజీపక్షమున చేరుట ఆతని జీవితమున మాయని మచ్చ. ఒక విషయమున ధీరుడైనవాడు అన్నిట వివేకి కాడనుటకు ఇది నిదర్శనము.

ఇంతలో అమెరికాలో కూర్నాండ్, రిచర్డ్స్ అను వైద్యులు ఆతని మార్గమునే అనుసరించి హృద్రోగములను పరిశోధించిరి. 1956లో ఈ మువ్వురకును నోబెల్ బహుమతి లభించెను. ఫోర్స్‌మన్ 1979లో మరణించెను.

1953లో స్వీడనువాడగు సెల్డింగర్ ఈ పద్ధతిని సులభము గావించెను. మొదట సూదిని గ్రుచ్చి, అందుండి మెత్తని తీగను పోనిచ్చి, సూదిని తీసివేసి, తీగమీదుగా గొట్టమును జొనుపుటయే ఆతని ఉపాయము. నేడును వైద్యులు పెద్దసిరలలోనికి ఈ విధముగనే గొట్టములను పంపి రోగులకు మందు లందించుచున్నారు.

నర్సును వంచించుట, ఆజ్ఞ మీరుట మన మనుకరింపదగినవి కావు. కాని అపాయమును పరులపై నెట్టక తానే తలకెత్తుకొనిన ఆతని ధైర్యము మాత్రము స్మరణీయము.